విజయపురి నుండి ఉప్పుటేటి వరకు

నల్లమల కొండల నడుమ ఇరుకులోయలో ప్రవహించివచ్చిన కృష్ణవేణి, పల్నాటి సీమ వాయవ్యపుటంచున ఒక మహాసేతువు వెనుక నిలిచి సాగరమై విస్తరించినచోట, కుడిగట్టున వెలసిన ఊరు విజయపురి సౌత్. ఆనకట్ట నిర్మాణకాలమున ఇంజనీర్లకును శ్రామికులకును నివాసముగా ఏర్పడిన ఈ కాలనీకి, పదునేడు శతాబ్దములకు పూర్వము ఇదే లోయలో ఇక్ష్వాకు ప్రభువులు పాలించిన రాజధాని పేరునే పెట్టిరి. నాగార్జునకొండకు పోవు లాంచీలు ఇచ్చటి రేవునుండి బయలుదేరును. యాత్రికులు వచ్చి, ద్వీపముమీది మ్యూజియమును, అనుపు దగ్గర పునర్నిర్మితమైన ప్రాచీన రంగస్థలమును చూచి మరలిపోవుదురు. ఈ జలాశయము విడిచిన నీరు పులిచింతలను దాటి, విజయవాడయొద్ద ప్రకాశం బ్యారేజీని చేరి, డెల్టా కాలువలలో చీలి, మాగాణులను తడిపి, తుదకు ఉప్పుటేళ్ళలో కలిసి సముద్రమున పడుచున్నది. ఆ తుది అంచున, తీపినీరును ఉప్పునీరును కలిసికొనుచోట, గడచిన నాలుగు దశాబ్దములలో ఒక క్రొత్త వృత్తి పుట్టి, పెరిగి, కూలబడి, మరల లేచినది. ఆ వృత్తి రొయ్యసాగు. దాని చరిత్రను, దానిని నేడు లోలోపల తొలుచుచున్న ఒక సూక్ష్మజీవి చరిత్రను నదికి ఎగువనున్న ఈ ఊరినుండి ఆరంభించి చెప్పుటకు కారణము కలదు: కృష్ణాతీరమున కొండలోయకును సముద్రపు రేవునకును గల సంబంధము ఆనకట్టకంటె అతిప్రాచీనమైనది.

క్రీస్తుశకము 3వ శతాబ్దిలో వీరపురుషదత్తుడు రాజ్యము చేయుచుండగా, ఆతని 14వ పాలనాసంవత్సరమున, బోధిసిరి యను ఉపాసిక శ్రీపర్వతమున చుళధమ్మగిరిమీద సింహళదేశపు థేరవాదాచార్యులకొరకు ఒక చైత్యగృహమును కట్టించి శాసనము వేయించెను. ఆమె ఇతర స్థలములలో చేసిన దానములను గూడ ఆ శాసనము వరుసగా పేర్కొనుచున్నది. పూర్వశైలమున ఆమె ఒక చెరువు త్రవ్వించెను. కంటకసోలయందలి మహాచైత్యమునకు తూర్పు ద్వారముకడ ఒక శిలామండపము నిలిపెను. కంటకసోల నేటి కృష్ణా జిల్లాలోని ఘంటసాల. గ్రీకు భూగోళకారుడైన టాలెమీ తన గ్రంథమున పేర్కొన్న రేవుపట్టణము ఇదియేయని పండితులు నిర్ణయించిరి. ఆ ఆచార్యులు ధర్మమును బోధించిన దేశములలో కాశ్మీర గాంధారములును, చీనాయు, వంగమును, వనవాసియు, యవనదేశమును, తామ్రపర్ణీ ద్వీపమును కలవని అదే శాసనము చెప్పుచున్నది. లోయను త్రవ్వినప్పుడు రోమను బంగారు నాణెములును దొరకినవి. కొండలలోని రాజధానికి సముద్రము చేరువయైనది ఈ నదివలననే. దూరదేశమునుండి వచ్చిన మనుష్యులను, వస్తువులను, విద్యలను ఆదరముతో స్వీకరించుట ఈ తీరవాసుల పూర్వాచారము. వచ్చిన దానిని పరీక్షించి స్వీకరించుటయు ఆచారములో భాగము కావలెనని ఇటీవలి చరిత్ర మనకు గట్టిగా బోధించుచున్నది.

ఇక్ష్వాకులు అంతరించిన పిదప అడవిలో కలిసిపోయిన విజయపురిని 1926లో శాసనశాఖకు చెందిన ఎ. రంగస్వామి సరస్వతి గుర్తించెను. 1927 మొదలు 1931 వరకు లాంగ్‌హర్స్ట్ ఇచ్చట త్రవ్వకములు జరిపించెను. లోయ జలాశయమున మునుగుట నిశ్చయమైన పిమ్మట, 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యవమున పురావస్తుశాఖవారు అపూర్వమైన దీక్షతో లోయనంతయు శోధించి, రక్షింపదగిన కట్టడములను కొండమీదికిని అనుపునకును తరలించిరి. ఇంతలో 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూ పండితుడు ఆనకట్టకు పునాదిరాయి వేసెను. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచెను. కుడికాలువకు జవహరు పేరును, ఎడమకాలువకు లాల్ బహదూరు పేరును పెట్టిరి. మెట్టపైరులతో బ్రదికిన పల్నాడు వరిచేల పచ్చదనమును చూచెను. దిగువ డెల్టాలో, 1855లో పూర్తియైన పాత ఆనకట్టకు బదులుగా ప్రకాశం బ్యారేజీ 1957లోనే వెలసియుండెను. ఈ విధముగా ఒక్క తరములో కృష్ణ పూర్తిగా మానవుని యేలుబడిలోనికి వచ్చినది.

నీటిని నిలిపినచోట నీటిలోని ప్రాణుల బాట మారక తప్పదు. నీలకంఠ రొయ్యయని మనవారు పిలుచు పెద్ద మంచినీటి రొయ్య తీపినీటిలో పెరుగునదే యైనను, దాని పిల్లలు తొలి దినములలో ఉప్పు కలిసిన నీటిలోనే బ్రదుకగలవు. అందువలన గ్రుడ్లను కడుపుక్రింద మోయుచున్న తల్లి వరదకాలమున నదీముఖమునకు దిగును. పిల్లలు కొంత యెదిగిన పిదప ప్రవాహమున కెదురీది నదిని ఎక్కును. సేతువులు కట్టిన నదులలో ఈ యాత్రకు అడ్డుగోడ ఏర్పడును. జలాశయములలో ప్రభుత్వము బొచ్చె, శీలవతి, మోసు మొదలగు చేపల పిల్లలను విడుచుచు వచ్చినది; కోస్తానుండి వలసవచ్చిన జాలరులు వలలతో ఒడ్డున స్థిరపడిరి; ఎదుటిగట్టున నల్లగొండ జిల్లాలోని వైజాగ్ కాలనీ యను ఊరిపేరు ఆ వలసకు నేటికిని గుర్తుగానున్నది. నదిలో తల్లిరొయ్య తనంతట తాను చేసికొనిన ప్రయాణమును మాత్రము మానవుడే తొట్లలో, కలిపిన ఉప్పునీటిలో, చేయించవలసి వచ్చెను. పిల్లను ప్రకృతినుండి పట్టుటకు మారుగా తల్లినుండి ఉత్పత్తి చేయు కర్మాగారమునకు హేచరీ యని పేరు. తరువాతి కథ యంతయు ఆ హేచరీ గడపమీదనే నడచినది.

ఉప్పునీటి రొయ్యలను తీరవాసులు అనాదిగా పోటునీటితో ఏటిలోనికి వచ్చినప్పుడు వలవేసి పట్టుచుండిరి. వానిని చెరువులో పోసి, మేతవేసి, పైరువలె పెంచుట ఆంధ్రతీరమున 1980ల తుదిభాగమున బలపడెను. 1972లో ఏర్పడిన సముద్రోత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ, అనగా ఎంపెడా, విశాఖతీరమున టాస్పార్క్ అను హేచరీని నెలకొల్పి విత్తనోత్పత్తి విద్యను ప్రచారము చేసెను; 1987లో మదరాసున ఉప్పునీటి జలజీవుల సాగునకు కేంద్ర పరిశోధనాలయము, నేడు సీబా యని అందరు పిలుచునది, స్థాపితమయ్యెను. నెల్లూరు సీమలోని కండలేటి తీరము మొదలు కృష్ణా గోదావరి డెల్టాల అంచులవరకు చౌటిభూములును, పిదప వరిచేలును రొయ్యల చెరువులయ్యెను. ఆనాడు పెంచినది చారల టైగర్ రొయ్య. దాని తల్లులను సముద్రమునుండియే పట్టి తేవలెను. గ్రుడ్లు పెట్టుటకు సిద్ధముగానున్న ఒక్క తల్లికి వేల రూపాయల వెల పలికెడిది. ఆ తల్లి లోపల ఏ రోగము దాగియున్నదో అడిగినవారు అరుదు. అడిగినను చెప్పగల సాధనములు ఆనాడు చాలినన్ని లేవు.

దాని ఫలము 1994 తుదినాళ్ళలో తెలిసివచ్చినది. పెంకుమీద తెల్లని మచ్చలు కనబడిన కొద్ది దినములలోనే చెరువు చెరువంతయు చచ్చి ఒడ్డునకు కొట్టుకొనివచ్చెను. వైట్ స్పాట్ అను ఈ వైరసు వ్యాధి తీరము పొడవున పాకి, అప్పుచేసి చెరువు త్రవ్విన రైతులను దివాలా తీయించెను. మరొకవైపు త్రాగునీరు ఉప్పనగుట, సేద్యభూములు చౌడెక్కుట చూచిన గ్రామీణుల ఆక్రందన న్యాయస్థానమునకు చేరెను. 1996 డిసెంబరు 11వ తేదీన సుప్రీంకోర్టు, జగన్నాథన్ వేసిన వ్యాజ్యమున, తీరప్రాంతపు రొయ్యసాగును కఠినముగా నియంత్రించుచు చరిత్రాత్మకమైన తీర్పునిచ్చెను. ఆ తీర్పు ననుసరించి ఏర్పడిన ప్రాధికారసంస్థకు, 2005లో పార్లమెంటు చేసిన తీరప్రాంత ఆక్వాకల్చర్ ప్రాధికార చట్టము స్థిరరూపము నిచ్చినది. 2006లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆక్వా విత్తనపు నాణ్యతకొరకు ప్రత్యేకముగా ఒక చట్టమును చేసెను. వృత్తి పుట్టిన రెండు దశాబ్దములలోపలనే విత్తనముకొరకు చట్టము చేయవలసివచ్చుటలోనే ఆ వృత్తియొక్క ప్రాణస్థానమేదో తెలియుచున్నది.

రోగములతో అలసిన టైగర్ స్థానమున 2009 నుండి వనామి వచ్చెను. ఇది మన సముద్రపు ప్రాణి కాదు. అమెరికా ఖండపు పశ్చిమతీరమున, పసిఫిక్ జలములలో పుట్టినది. తరతరములుగా శాలలలో పెంచి, ఫలానా రోగములు లేవని నిర్ధారించిన తల్లిరొయ్యలను హవాయి, ఫ్లోరిడా మొదలగు ప్రాంతములనుండి విమానములమీద తెప్పించి, చెన్నపట్టణపు నీలాంగరైయందు నెలకొల్పిన క్వారంటైన్ శాలలో నిలిపి పరీక్షించిన పిమ్మటనే హేచరీల కిచ్చు పద్ధతి ఏర్పడెను. సీడు ఒక్కరీతిగా ఎదుగుట, చదరపు మీటరునకు 60 వరకు వదలుటకు అనుమతి యుండుట, మూడు నాలుగు మాసములలో పట్టుబడి వచ్చుట చూచి రైతులు ఉత్సాహముతో దానిని చేపట్టిరి. చూచుచుండగనే భారతదేశపు సాగురొయ్యలలో సింహభాగము ఆంధ్రతీరమునుండి పోవుట, అమెరికా భోజనశాలలకు భీమవరపు రొయ్య చేరుట సంభవించెను. ఏరేటర్ల చప్పుడు డెల్టా పల్లెల రాత్రులలో భాగమయ్యెను. కిలోకు ఎన్ని తూగునో చెప్పు కౌంటు అనుమాట, బడికి పోవు బాలునకు సైతము తెలిసిన లెక్కయయ్యెను.

ఈ అభ్యుదయమధ్యమున, 2014 తరువాతి సంవత్సరములలో, చెరువుగట్లమీద ఒక వింత వ్యాకులత వినబడసాగెను. రొయ్య చచ్చుట లేదు, పెరుగుట లేదు. మేత తినుచున్నది, కాని చెక్ ట్రేను, అనగా మేతను చూచు పళ్ళెమును, పైకెత్తి చూచిన, ఒకే దినమున వదలిన పిల్లలలో కొన్ని వ్రేలంత, కొన్ని వడ్లగింజకు కొంచెము మించినంత ఉన్నవి. ముప్పదియో నలువదియో కౌంటు రావలసిన సమయమునకు నూరుకంటె క్రిందికి దిగకున్నది. కొన్ని చెరువులలో తెల్లని దారపుపోగులవంటి మలము నీటిమీద తేలెను; దానికి రైతులు వైట్ గట్ అని పేరుపెట్టిరి. వైట్ స్పాట్ వచ్చిన చెరువును రైతు ఒక్కమారే పోగొట్టుకొని, ఏడ్చి, తలుపు మూసికొనును. ఈ గిడసబారు రోగము అతనిచేత దినదినము మేత కొనిపించి, కరెంటు బిల్లు కట్టించి, ఆశను చావనీయక అప్పును పెంచును. సీబా శాస్త్రజ్ఞులు 2016లో ఈ రోగకారకము భారతదేశపు వనామి చెరువులలో వెలసినదని శాస్త్రపత్రమున ప్రకటించిరి. 2021లో వారే ప్రచురించిన గణనలో, దేశమునకు దీనివలన కలుగుచున్న నష్టము వైట్ స్పాట్ నష్టమును మించినదని తేలెను. ఆ రోగకారకమునకు శాస్త్రజ్ఞులు మొదట పెట్టిన పేరు ఎంటెరోసైటోజూన్ హెపటోపినేయి. చెరువుగట్టు భాషలో ఈహెచ్‌పీ. థాయిలాండులో ఎదుగుదల మందగించిన టైగర్ రొయ్యలలో ఈ జాతి జీవి ఉన్నట్లు 2004లోనే గుర్తించిరి. 2009లో టూర్టిప్ ప్రభృతులు దానిని వర్ణించి నామకరణము చేసిరి. మైక్రోస్పోరిడియా యను ప్రాచీన పరాన్నజీవి వంశమున అది ఒక శాఖ.

ఈ వంశమునకు మానవునితో తొలి పరిచయము కలిగినది ఉప్పుటేటిలో కాదు, పట్టుపురుగుల తట్టలలో. 19వ శతాబ్ది మధ్యభాగమున ఫ్రాన్సు దక్షిణప్రాంతమున పట్టుపురుగులు మిరియపుపొడి చల్లినట్లు నల్లని మచ్చలు వేసి, ఎదుగక, గూడు కట్టక నశించుచుండెను. 1853లో 26,000 టన్నులుగా నుండిన పట్టుకాయల దిగుబడి 1865 నాటికి 4,000 టన్నులకు పడిపోయెను. రోగిష్ఠి పురుగులలో కనబడిన అతిసూక్ష్మ కణములకు 1857లో నేగెలి అను శాస్త్రజ్ఞుడు నోసీమా బాంబిసిస్ అని పేరుపెట్టెను. ఫ్రెంచి రైతులు విత్తనముకొరకు ఇటలీకి, పిదప తూర్పుదేశములకు, తుదకు జపానునకు మనుష్యులను పంపిరి. క్రొత్తదేశపు గ్రుడ్లు మొదట బాగుండును. ఒకటి రెండు పంటలలో అవియు రోగమున పడును. ఈ దశలో లూయీ పాశ్చర్, తన గురువు ద్యూమా కోరికపై, 1865లో అలెస్ పట్టణమునకు వచ్చి అయిదేండ్లు శ్రమించెను. ఆయన కనిపెట్టిన ఉపాయము మహాశాస్త్రజ్ఞుని కీర్తికి తగినంత సరళమైనది. ప్రతి ఆడు పట్టుచిలుకచేత వేరువేరు బట్టముక్కమీద గ్రుడ్లు పెట్టించవలెను; పిదప ఆ తల్లిని నీటితో నూరి, చుక్కనుదీసి, సూక్ష్మదర్శినిక్రింద చూడవలెను; సూక్ష్మకణములు కనబడినచో ఆ తల్లి గ్రుడ్లన్నిటిని దహించవలెను. ఔషధమేదియు లేకయే, తల్లి పరీక్షచేతనే, ఆ రోగము అదుపులోనికి వచ్చెను. నేటికిని హిందూపురము వైపు మన పట్టురైతులు కొను గ్రుడ్లు, తల్లిచిలుక పరీక్ష జరిగిన గ్రుడ్లుత్పత్తి కేంద్రములనుండి వచ్చునవే. తెలుగునేలమీద ఒక మూల నిత్యకృత్యమైన ఈ విద్య మరొక మూలకు ఇంకను పూర్తిగా ప్రాకకుండుట మన దౌర్భాగ్యము.

ఇంతటి అనర్థమును తెచ్చు జీవి నిర్మాణమెట్టిదో తెలిసికొనుట అవసరము. ఈహెచ్‌పీ యొక్క సిద్ధబీజము పొడవున మిల్లీమీటరులో సుమారు వేయవవంతు. దృఢమైన రెండు పొరల గోడలోపల, ధ్రువనాళమను సన్నని గొట్టము అయిదారు చుట్లుగా చుట్టుకొని యుండును. నీటిలో, బురదలో సిద్ధబీజము నిద్రించుచుండును. రొయ్య దానిని మ్రింగినపుడు, జీర్ణకోశమున తగిన సంకేతము తగిలినంతనే, లోపలి ఒత్తిడి పెరిగి, ఆ నాళము చొక్కాచేతిని లోపలినుండి బయటికి తిరుగదీసినట్లు తిరుగబడి వెలికి దూసికొనివచ్చును. ఈ వంశపు ఇతర జీవులలో కొలిచి చూచినపుడు, తన దేహమునకు అనేకరెట్లు పొడవైన ఈ నాళము రెండు సెకండ్లలోపున పూర్తిగా వెలువడునని తేలినది. సిద్ధబీజములోని ప్రాణద్రవ్యమంతయు ఆ గొట్టముగుండ పారి నేరుగా అన్యకణములో ప్రవేశించును. రైతులు లివరని పిలుచు హెపటోపాంక్రియాస్, అనగా రొయ్య అన్నమును అరగించుకొని శక్తిని నిలువచేసికొను అవయవము, దీని నివాసము. ఆ అవయవకణములలో ఇది పెరిగి, వేలకొలది సిద్ధబీజములుగా విడివడి, కణమును పగులగొట్టి మలముతో బయటపడి, మరొక రొయ్య నోటికి చేరును. నడుమ వేరొక ఆతిథేయజీవి అవసరము లేదు. అందుచేతనే ఒక చెరువునుండి మరొక చెరువునకు ఇంత సులభముగా పాకుచున్నది.

ఈ దండయాత్రకు కావలసిన ఆయుధములన్నియు మాంసకృత్తులు, అనగా ప్రోటీనులు. 1990లలో న్యూయార్కునందలి ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ వైద్యకళాశాలలో లూయీ వైస్ బృందమువారును, ఫ్రాన్సులోని శాస్త్రజ్ఞులును, మనుష్యులకు సోకు మైక్రోస్పోరిడియాలలో ధ్రువనాళమును నిర్మించు ప్రోటీనులను ఒక్కొక్కటిగా వేరుపరచి ధ్రువనాళ ప్రోటీను 1, 2, 3 అని పేర్లు పెట్టసాగిరి. వానిలో మొదటిది మన్నోజ్ అను చక్కెరను తనమీద ధరించి, ఆతిథేయకణపు ఉపరితలమును అంటిపెట్టుకొనుటకు తోడ్పడునని తెలిసెను. 2017లో, నాల్గవ ప్రోటీను ఆతిథేయకణముమీద ఇనుమును లోనికి చేర్చుకొను ద్వారమునే పట్టుకొనునని వెల్లడియయ్యెను. ప్రాణరక్షణకై ఏర్పడిన ద్వారమే శత్రువునకు దారియగుచున్నది. సిద్ధబీజపు గోడలోని ప్రోటీనులును ఈ పనిలో భాగస్వాములే. థాయిలాండునకు చెందిన పట్టన జారోన్‌లాక్ ప్రభృతులు 2018లో ఈహెచ్‌పీ గోడలోని మొదటి ప్రోటీను హెపారిన్ అను పదార్థమును అంటుకొనగలదని నిరూపించిరి; హెపారినును పోలిన చక్కెరగొలుసులు జంతుకణముల ఉపరితలమున ఉండుటచే, సిద్ధబీజము కణమును చేరి నిలుచుటకు ఇది ఆధారమని వారు భావించిరి. 2017లో ప్రకటితమైన జన్యుపరిశోధన మరొక విశేషమును తెలిపెను: చక్కెరను విరిచి శక్తిని పొందు మార్గమును, సామాన్యజీవులన్నిటికి పుట్టుకతో నుండుదానిని, ఈహెచ్‌పీ వంశము పోగొట్టుకొన్నది. తన శక్తిని తాను చేసికొనలేక, రొయ్యకణము చేసికొనిన శక్తినే అది అపహరించి జీవించును. రైతు వేసిన మేత ఎక్కడికి పోయినదను ప్రశ్నకు సమాధానము ఇచ్చట కలదు. రొయ్య తినిన అన్నముయొక్క సారము పరాన్నజీవి సంతతిగా మారుచున్నది.

ఈ జ్ఞానము కేవలము విద్వద్వినోదము కాదు. ఈహెచ్‌పీ రోగమును నయముచేయు అంగీకృత ఔషధమేదియు నేటికి లేదు. కావున పరీక్షయే చికిత్స. మొదట ప్రచారములోనికి వచ్చిన పీసీఆర్ పరీక్ష, మైక్రోస్పోరిడియాలన్నిటిలో కొంత పోలికగానుండు ఒక జన్యువును వెదకెడిది. అందుచే నీటిలోనో, పీతలలోనో ఉండు నిరపాయకరములైన దాయాదిజీవులను చూచి ఈహెచ్‌పీ యని పొరబడు అవకాశముండెను. 2016లో జారోన్‌లాక్ బృందమువారు సిద్ధబీజపు గోడ ప్రోటీను జన్యువునే గుర్తుగా గ్రహించి, ఆ పొరపాటును తొలగించు పరీక్షను రూపొందించిరి. రొయ్యలో చొరబడుటకు ఈ జీవి వాడు సాధనమే దానిని పట్టి ఇచ్చు ఆనవాలయ్యెను. అలెస్‌లో పాశ్చర్ సూక్ష్మదర్శినిక్రింద చూచిన దానిని నేడు మన ప్రయోగశాల ఈ జన్యుపరీక్షతో చూడగలదు. తల్లిరొయ్య మలమునుండియే నమూనా తీయవచ్చును గనుక, పట్టుచిలుకవలె తల్లిని చంపవలసిన పనియు లేదు.

పరీక్షింపవలసినది తల్లినొక్కదానినే కాదు. క్వారంటైన్ శాలను శుభ్రముగా దాటివచ్చిన తల్లికి, హేచరీలో బలమైన మేతయని బురదపురుగులను, అనగా పాలీకీట్లను, పచ్చిగా తినిపించుట వాడుక. ఆ పురుగులు ఈహెచ్‌పీని మోసికొనిరాగలవని పరిశోధకులు చూపిరి. మంచుగడ్డగా గట్టిపరచిన మేత ఈ భయమును తగ్గించును. తల్లి మలమునుండి గ్రుడ్లకును, గ్రుడ్లనుండి పిల్లలకును సిద్ధబీజములు అంటకుండ కడుగుట రెండవ మెట్టు. పంట పట్టిన పిదప చెరువును ఎండబెట్టి, అడుగుమన్నును దున్ని, హెక్టారునకు 6 టన్నుల చొప్పున పొడిసున్నము కలిపి తడిపి, మన్ను పీహెచ్‌ను 12 దాటించినగాని సిద్ధబీజముల దృఢకవచము లొంగదు. ఎకరమునకు రెండుమూడు బస్తాల సున్నము చల్లి తృప్తిపడిన రైతు తన్ను తాను మోసగించుకొనుచున్నాడు. రోగమువచ్చిన చెరువునీటిని శుద్ధిచేయక కాలువలోనికి తోడువాడు తన యిరుగుపొరుగును మోసగించుచున్నాడు. ఏలయన డెల్టాలో ఒకరు విడిచిన నీటినే మరొకరు తోడుకొందురు.

చరిత్రను వరుసగా చూచినచో ఒక్క సత్యము మరల మరల తేలుచున్నది. టైగర్ పతనమునకు సముద్రమునుండి పరీక్షలేక తెచ్చిన తల్లులు కారణములలో ప్రధానమైనవి. వనామి అభ్యుదయమునకు పరీక్షించి తెచ్చిన తల్లులు పునాది. ఆ పునాది సడలుట, గిరాకీ పెరిగినకొలది చెరువులలో పెరిగిన రొయ్యలనే తల్లులుగా వాడి చౌకసీడు అమ్ము అలవాటుతో మొదలయ్యెను. ఫ్రాన్సులో విత్తనపు వర్తకులు జపానువరకు పరుగెత్తిన కాలమును, మనవారు ఒక హేచరీనుండి మరొక హేచరీకి పరుగెత్తు కాలమును పోల్చిచూచినచో, విత్తనమును మార్చుటవలన గాక విత్తనపు తల్లిని ఎరుగుటవలననే పట్టువృత్తి బ్రదికెనని స్పష్టమగును. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020లో ఆక్వాసాగు అభివృద్ధికై ప్రత్యేక ప్రాధికారసంస్థను చట్టముద్వారా ఏర్పరచినది. అధికారము కలదు, శాస్త్రము కలదు, పరీక్ష కలదు. వానిని చెరువుగట్టువరకు చేర్చు సంకల్పమే మిగిలియున్నది.

విజయపురి సౌత్‌లో సేతువుమీద నిలిచి చూచువారికి ఈ నీరు ఎవరెవరి జీవితములను మోయుచు పోవుచున్నదో తోచకపోవచ్చును. లోయలో మునుగు శిల్పముల నొక్కొక్కదానిని పరీక్షించి, లెక్కించి, కొండకెక్కించి కాపాడిన దీక్ష ఈ తీరమున ఒకప్పుడు కనబడినది; అట్టి దీక్షయే దిగువన ప్రతి తల్లిరొయ్య విషయమునను కావలయును. హేచరీ యజమానులు ప్రతి తల్లి పరీక్షాఫలమును, అది యిచ్చిన సీడు చేరిన చెరువుల వివరమును పుస్తకమున వ్రాసి, అడిగిన రైతునకు చూపవలెను. రైతులు చౌకధరను చూచి గాక, గోడ ప్రోటీను పరీక్షాపత్రమును చూచి సీడు కొనవలెను. పదిమంది రైతులు కలిసినచో ఆ పరీక్షకగు వ్యయము ఒక్కదినపు మేతఖర్చుకంటె తేలిక. అధికారులు పరీక్షలేని సీడును అమ్మనీయరాదు. తల్లిని పరీక్షింపక పుట్టిన పిల్లను చెరువులో దింపకుడని ప్రతి సాగురైతునకు నా విన్నపము. నూటయేబది యేండ్లకు మించి నిలిచిన ఈ నియమముకంటె గట్టిరక్షణ ఈ వంశపు రోగములకు ఇంతవరకు మరియొకటి ఏర్పడలేదు.